చీటీ కంటే ఫోనే నయం: మా మండలం షుగర్ వైద్యం మీద నా రివ్యూ

మా బాపుకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఆయన వైద్యం ఒక్క డాక్టర్ చేతిలో లేదు. ఊళ్లో ఆశా కార్యకర్త, సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం, మండలంలో పీహెచ్‌సీ డాక్టర్, అక్కడే ల్యాబ్ టెక్నీషియన్, అవసరం పడితే హనుమకొండలో పెద్ద డాక్టర్. ఇంతమంది ఒకే మనిషిని ఒకరి తర్వాత ఒకరు చూసుకోవాలి. ఎవరికి వారు ఎలా చేస్తున్నారన్నది అటుంచి, ఒకరు ఇంకొకరికి మనిషిని ఎలా అప్పజెప్తున్నారో రాద్దామని ఈ రివ్యూ. నా తీర్పు ముందే చెప్పేస్తా: ఊరి నుంచి మండలం దాకా బ్రహ్మాండం, మండలం నుంచి నగరం దాకా మన అదృష్టం. మార్కులు అడిగితే కింది సగానికి ఐదుకు నాలుగున్నర, పై సగానికి రెండు.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాను. కాపురం హనుమకొండలో. అమ్మా బాపూ ఊళ్లోనే ఉంటారు. నర్సంపేట దాటాక మా ఊరు, పాకాల చెరువు కింద కొంచెం వరి, మెట్ట మీద మిర్చి. మా మార్కెట్లో మిర్చి బస్తా గేటు దాటినప్పుడు రాసే చీటీ నుంచి చివర్న రైతు చేతికొచ్చే తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) దాకా లెక్క ఒక్కటే నడవాలి. మధ్యలో ఒక్క చీటీ తప్పిపోతే కాంటా అయిన సరుకు ఎవరిదో తేలదు, రైతు పొద్దుగూకేదాకా నిలబడాల్సిందే. ఈ పనిలో ఉండీ ఉండీ దవాఖానకు పోయినా నా కన్ను డాక్టర్ కంటే ముందు చీటీ మీద పడుతుంది.

ఇంతకుముందు బాపును హనుమకొండలోనే ఒక ప్రైవేటు డాక్టర్‌కు చూపించేవాళ్లం. డాక్టర్ మంచివారే, వంక పెట్టడానికి లేదు. ఫీజు, పరీక్షలు, గోలీలు కలిపితే ఒక్కసారికి రెండు వేలు దాటేది. అది కూడా ఎలాగో సర్దుకునేవాళ్లం. అసలు చిక్కు వేరే. మిర్చి ఏరే కాలం వచ్చిందంటే బాపు ఊరు కదలడు. కూలీలు దొరికినప్పుడే ఏరించాలి, కల్లం మీద ఆరబోయాలి, మబ్బు పడితే పట్టాలు కప్పాలి. గోలీలు అయిపోతే "మళ్ల పోయినప్పుడు తెచ్చుకుంట" అనేవాడు. అలా రెండు నెలలు మందు లేకుండా గడిచిపోయినా హనుమకొండలో ఉన్న డాక్టర్‌కు తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. నెల నెలా వచ్చే పేషెంట్ రాకపోతే ఎందుకు రాలేదని ప్రైవేటులో ఎవరు అడుగుతారు?

ఇప్పుడు చూపిస్తున్న సర్కారు వైద్యంలో అడిగేవాళ్లున్నారు. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మా ఊరి ఆశా కార్యకర్త నాకు వరుసకు వదిన అవుతుంది. ముప్పై ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షలు చేయాలని సర్కారు పథకం ఉంది కదా, దాని కోసం ఆమె ఇంటింటికీ ఒక ఫారం నింపుతుంది. వయసెంత, బీడీ, మందు అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, ఒళ్లు వంచి పని చేస్తారా అని ప్రశ్నలు. టేపు పెట్టి నడుము చుట్టుకొలత తీస్తుంది. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే దానికో మార్కు. మార్కులన్నీ కలిపి నాలుగు దాటితే సబ్‌సెంటర్‌కు తప్పకుండా రావాలని చెప్తుంది. బాపు పాత పేషెంటే కాబట్టి ఆయన పేరు నేరుగా రిజిస్టర్‌కు ఎక్కింది. ఆ తర్వాత నెలలో గోలీలకు ఆయన రాకపోతే వదిన మా ఇంటి ముందు నిలబడి కేకేస్తుంది. "మామా, నీ గోలీల సంచి పీహెచ్‌సీల నీ కోసం ఏడుస్తున్నది" అంటుంది. వదిన నోటికి బాపు భయపడతాడు. డాక్టర్‌కు భయపడడు.

అక్కడ ఇచ్చే గోలీల సంచిలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని వేరువేరుగా అరలుంటాయి. అమ్మకు చదువు రాదు. ఎప్పటి గోలీలు ఎప్పుడు వేయాలో ఇప్పుడు ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇలాంటి చిన్న పనికి ఎక్కువ మార్కులు వేయాలనిపిస్తుంది నాకు.

రక్తం కూడా పీహెచ్‌సీలోనే తీసుకుంటారు. ట్యూబ్ మీద బార్‌కోడ్ స్టిక్కర్ అంటించి, చల్లటి డబ్బాలో పెట్టి, బండిలో జిల్లా హబ్‌కు, అంటే పెద్ద ల్యాబ్‌కు పంపిస్తారు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో 2018లో హైదరాబాద్‌లో మొదలైన పద్ధతి ఇది. 2021లో జిల్లాలకు వచ్చింది, 2023లో పరీక్షలను 134 రకాలకు పెంచారు. మూణ్నెల్ల షుగర్ పరీక్ష, క్రియాటినిన్, కొలెస్ట్రాల్, అన్నీ ఉచితమే. ఇవే బయట చేయిస్తే వెయ్యి రూపాయలు ఎటూ చాలవు. రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. ఇంగ్లీషులో వస్తుంది కాబట్టి బాపుకు అది వచ్చినా రానట్టే. అందుకని ఫోన్ నంబర్ నాది ఇచ్చాం. నేను చదివి బాపుకు ఫోన్ చేసి చెప్తా. ఊళ్లో పిల్లలు లేని ముసలివాళ్లకు మాత్రం వదినే చదివి చెప్పాలి. పరగడుపున పోవాలి, బండి వెళ్లకముందే రక్తం ఇవ్వాలి. పొలానికి నీళ్లు పెట్టి పదకొండింటికి తాపీగా పోతే ఆ రోజు పని కానట్టే.

ఇప్పుడు పీహెచ్‌సీ డాక్టర్ గురించి. చిన్న వయసావిడ, కాకతీయ మెడికల్ కాలేజీలో చదువుకున్నారు. ఓపీలో జనం బాగా ఉంటారు, మనిషికి ఎక్కువ టైం దొరకదు. అయినా మొదటిసారి బాపును చూపించినప్పుడు ఆమె చేసిన పని ఒకటి నేను ఇంతకుముందు ఎక్కడా చూడలేదు. చెప్పులు విడిచి బల్ల మీద పడుకోమన్నారు. కళ్లు మూసుకోమన్నారు. పెన్నులాంటి పిడికి ఒక సన్నటి నైలాన్ దారం ముక్క ఉంది. దాని కొసను అరికాలి మీద ఒకచోట ఆనించి, దారం కొంచెం వంగేదాకా నొక్కి తీశారు. బొటనవేలి కింద, చిటికెనవేలి కింద, మడమ దగ్గర. "తగిలినప్పుడల్లా చెప్పు పెద్దాయనా" అన్నారు. బాపు ఏం మాట్లాడలేదు. కుడికాలు మొత్తం అయిపోయి ఎడమకాలికి వచ్చారు. అప్పుడు బాపు కళ్లు మూసుకునే, "ఇంక మొదలుపెట్టలేదా అమ్మా?" అన్నాడు.

నాకు గొంతు పట్టినట్టయింది. డాక్టరమ్మ ఏమీ తొణకలేదు. చీటీ మీద రెండు పాదాల బొమ్మ గీసి, స్పర్శ లేనిచోట ఇంటూ గుర్తులు పెట్టారు. "ఈ కాళ్లకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మీరే రోజూ కళ్లతో చూడాలి" అని అమ్మకు చెప్పారు. ఆ చీటీని వదిన ఫోన్‌లో ఫొటో తీసుకుంది. ఆశాలు, ఏఎన్ఎంలు, డాక్టరమ్మ కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. స్పర్శ పోయిన కాళ్లున్నవాళ్ల పేర్లు అందులో ఊరివారీగా ఉన్నాయట. ఇది పైనుంచి వచ్చిన ఆర్డరేం కాదు, వాళ్లలో వాళ్లు అనుకుని చేసుకున్నది.

డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. జనవరిలో, మిర్చి తోటలో బాపు కుడి అరికాలికి తుమ్మముల్లు దిగింది. చెప్పులోంచి దిగి అందులోనే విరిగింది. ఆయన అలాగే నడిచాడు, ఎన్ని రోజులు నడిచాడో ఆయనకే తెలియదు. తడిగా అనిపించి చూసుకుంటే పుండు. పీహెచ్‌సీకి పోలేదు, ఊళ్లో ఉన్న ఆర్ఎంపీ దగ్గరికి పోయాడు. ఆయన కడిగి, పొడి చల్లి, కట్టు కట్టి, ఒక సూది ఇచ్చి పంపాడు. పక్కింటి పసిపిల్లకు టీకా ఎప్పుడో చెప్పడానికి వచ్చిన వదిన మా గడపలో బాపు కాలు చూసింది.

"మామా, ఆ కట్టేంది?"

"ముల్లిరిగింది బిడ్డా, ఏం గాదు. నొప్పి గూడ లేదు."

"నొప్పి లేకుంటెనే బుగులు మామా. కట్టు ఇప్పు, చూస్త."

విప్పి చూసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. ఆ రాత్రి అన్నాలు తినే వేళకు డాక్టరమ్మ నుంచి అమ్మకు ఫోన్. వేడినీళ్లలో కాలు పెట్టొద్దు, పసుపు పెట్టొద్దు, నడవొద్దు, తెల్లారి ఎలాగైనా పీహెచ్‌సీకి తీసుకురండి. తెల్లారి ఏఎన్ఎం సిస్టర్ ముందుగా వచ్చి షుగర్ చూసింది, మూడు వందల పైన ఉంది. వదిన వాళ్లాయన ఆటోలో పీహెచ్‌సీకి పోయారు. అక్కడ ముల్లు ముక్క తీసి, కడిగి, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఊళ్లో ఒక ఆడమనిషి కట్టు చూసింది మొదలు డాక్టర్ పుండు చూసేదాకా ఒక్క రాత్రి పట్టింది. ఈ మాట మా ఓనర్‌కు చెప్తే ఆయన నమ్మలేదు. ఆయన డబ్బున్నవాడు, హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగాడు.

ఇంతవరకూ నాలుగున్నర మార్కులు. ఇక పై సగం.

పుండు లోతుగా ఉంది, ఎముకదాకా పోయిందేమో ఎక్స్‌రే తీసి చూడాలి, కాలికి రక్తం బాగా పారుతోందా చూడాలి, చచ్చిన చర్మం కోసి తీయాలి, ఇవన్నీ ఇక్కడ కావని డాక్టరమ్మ రెఫరల్ చీటీ రాశారు. బాపును తీసుకుని నగరంలో ఒక దవాఖానకు పోయాం. దాని పేరు రాయను, సర్కారుదో ప్రైవేటుదో కూడా చెప్పను. నేను చెప్పబోయేది ఏ దవాఖానలోనైనా జరగొచ్చు.

కౌంటర్‌లో చీటీ తీసుకున్నారు. చదవలేదు. ఒక ఇనుప కడ్డీకి గుచ్చారు. కొత్త ఓపీ చీటీ రాసిచ్చి, కాలు నొప్పి అని చెప్పి ఒక గదికి పంపారు. నొప్పి లేదండీ, పుండు అంటే ఆ గదిలోవాళ్లే చూస్తారన్నారు. ఆ గదిలో చాలాసేపు కూర్చున్నాక ఇది మాది కాదు, ఫలానా విభాగానికి పొండి అన్నారు. అక్కడికి పోతే రక్తపరీక్షలేవి అన్నారు. ఫోన్‌లో ఉన్నాయి, హబ్ రిపోర్టు, పదిహేను రోజులు కూడా కాలేదు అని చూపిస్తే, ఫోన్‌లో చూడం, కొత్తగా చేయించండి అన్నారు. క్రియాటినిన్ మళ్లీ, మూణ్నెల్ల షుగర్ మళ్లీ. మూణ్నెల్ల షుగర్ పరీక్ష అంటేనే గడిచిన రెండు మూడు నెలల సగటు చెప్పేది, పదిహేను రోజుల్లో అది ఎంత మారుతుందండీ? డబ్బు కట్టి రక్తం ఇచ్చి వచ్చేసరికి డాక్టర్ లేచిపోయారు. నడవొద్దన్న కాలుతో బాపు ఆ పూటంతా వరండాల్లో నడిచాడు.

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని డాక్టరమ్మకు ఫోన్ చేశా. ఆమె ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. "ఉండండి" అని పెట్టేశారు. కాసేపటికి తనే చేసి, కాలేజీలో తనకు సీనియర్ అయిన ఒక సర్జన్ పేరు చెప్పి, రేపు పొద్దున పోండి, మాట్లాడాను అన్నారు. తెల్లారి పోతే ఆయన మమ్మల్ని పేరు పెట్టి పిలిచారు. రెండు పాదాల బొమ్మ ఉన్న చీటీ, పుండు మొదటిరోజు ఫొటో, హబ్ రిపోర్టులు అన్నీ అప్పటికే ఆయన ఫోన్‌లో ఉన్నాయి. ఎక్స్‌రే తీశారు, ఎముకకు అంటలేదు. పాదం మీద, చీలమండ దగ్గర నాడి పట్టి చూసి రక్తప్రసారం బాగుందన్నారు. చచ్చిన చర్మం కోసి శుభ్రం చేశారు. ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు వాడమని రాశారు. భోజనాల వేళకు మేం బస్సులో ఉన్నాం.

అదే మనిషి, అదే పుండు. చీటీతో పోతే ఒక పూట పోయింది, పైసలు పోయాయి, పని కాలేదు. ఫోన్‌తో పోతే పొద్దున్నే అయిపోయింది. అందరూ "మంచి డాక్టరమ్మ దొరికింది, మీ అదృష్టం" అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. ఆమె రేపు పీజీకి పోవచ్చు, బదిలీ కావచ్చు. కొత్తగా వచ్చేవారికి నగరంలో సీనియర్లు ఉండకపోవచ్చు. మా పక్క మండలంలో ఇదే పుండున్న మనిషికి ఏ ఫోన్ ఉంది? ఒకరి పరిచయం మీద నడిచేదాన్ని ఏర్పాటు అని ఎలా అంటాం? పీహెచ్‌సీ నుంచి వచ్చిన చీటీ చదివి మనిషిని సరైన గదికి పంపడానికి పెద్ద కౌంటర్ దగ్గర ఒక్కరుంటే చాలు. దానికి కోట్ల బిల్డింగ్ అక్కర్లేదు. సర్కారు ఆరోగ్య రికార్డుల కోసం 14 అంకెల ఆభా నంబర్ ఇస్తోంది, బాపుకూ ఉంది, రికార్డులన్నీ ఒకచోట దొరకాలనే కదా ఆ నంబర్. ఆ రోజు మమ్మల్ని ఆ నంబర్ ఎవరూ అడగలేదు.

తిరుగు దారి మాత్రం మళ్లీ బాగుంది. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ మార్చాలన్నారు. దానికోసం ప్రతిసారీ నగరానికి రావాలంటే నర్సంపేట నుంచే 40 కిలోమీటర్లు. అమ్మకు మహాలక్ష్మి బస్సు ఉచితం, బాపుకు టికెట్, అటూ ఇటూ ఆటోలు, పైగా నడక. సర్జన్ ఇచ్చిన కాగితాన్ని డాక్టరమ్మ చదివి, ఏ మందుతో కడగాలో, ఎలా కట్టాలో, ఏం కనిపిస్తే వెంటనే చెప్పాలో ఏఎన్ఎం సిస్టర్‌కు వివరంగా చెప్పారు. సిస్టర్ దాన్ని తన రిజిస్టర్‌లో తెలుగులో రాసుకుంది. ఇంటి నుంచి కూతవేటు దూరంలో సబ్‌సెంటర్, అక్కడే డ్రెస్సింగ్ అయ్యేది. వారానికోసారి ఫొటో గ్రూపుకు, అక్కడి నుంచి సర్జన్‌కు. సిస్టర్‌కు టీకాల పని ఉండే బుధ, శనివారాలు తప్పించి రమ్మనేది. ఉగాదికి ముందే పుండు మానింది. ఇందులో నగరానికి మళ్లీ పోవాల్సి వచ్చింది ఒక్క ఆఖరిసారి చూపించుకోవడానికే.

ఆర్ఎంపీ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ ఏర్పాటు లెక్కల్లో ఆయన లేడు, ఊరి లెక్కల్లో ఉన్నాడు. ఆయన అల్లోపతి వైద్యం చేయడానికి చట్టం ఒప్పుకోదు. అది అందరికీ తెలుసు. కానీ రాత్రి తొమ్మిదింటికి జ్వరమొస్తే తలుపు తీసేది ఆయనే. బాపు పుండు తర్వాత డాక్టరమ్మ ఆయనకు కబురు పెట్టి మాట్లాడారట. కోప్పడలేదు. షుగర్ ఉన్నవాళ్ల కాలికి పుండొస్తే కట్టు కట్టకు, సూదివ్వకు, ఆశాకు ఫోన్ చెయ్యి, అంతే చాలు అన్నారట. ఇప్పుడు చేస్తున్నాడు. మొన్న మా వాడకట్టులో ఒక పెద్దమనిషికి ఆయనే ఫోన్ చేయించాడు. రూల్స్ ప్రకారం దీన్ని ఏమంటారో నాకు తెలియదు, నాకైతే ఇది తెలివైన పనే.

లోపాలు కింది సగంలోనూ ఉన్నాయి, అందుకే అర మార్కు కోసింది. ఒక్కోసారి గోలీల్లో ఒక రకం ఉండదు, బయట కొనుక్కోమంటారు. బయట కొన్నప్పుడు కంపెనీ పేరు మారుతుంది, రంగు మారుతుంది, అమ్మ కంగారు పడుతుంది. గోలీ మారితే సంచి మీద ఒక ముక్క రాసిస్తే బాగుండు. సిస్టర్ సెలవు పెడితే సబ్‌సెంటర్‌కు తాళమే. ఇంకొకటి కళ్లు. షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి కంటిలోపల రెటీనా చూడాలి. 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు శిబిరాలు పెట్టినప్పుడు బాపుకు కళ్లద్దాలు ఇచ్చారు. పేపర్ చదవడానికి అవి చాలు. రెటీనా సంగతి వేరు, చూపు బాగానే ఉన్నప్పుడే లోపల పాడవుతుంటుంది. కాళ్లకు లిస్టు రాసుకున్న గ్రూపు కళ్లకు రాసుకోలేదు. నేను అడిగాక ఇప్పుడు మొదలుపెడతామన్నారు.

వదిన పని భారం చూస్తే మాట రాదు. గర్భిణీలు, టీకాలు, టీబీ, షుగర్, సర్వేలు, అన్నీ ఆమె మీదే. 18 వేల ఫిక్స్‌డ్ జీతం కావాలని ఆశాలు ధర్నాలు చేస్తూనే ఉన్నారు. ఊళ్లో కొందరు "ఇంకెంత గావాలె వీళ్లకు" అంటుంటారు. వాళ్లను ఒక్కరోజు ఆమె వెంట ఎండలో తిరగమనాలి. ఈ గొలుసులో ఆమె లేకపోతే బాపు కట్టు చూసేవాళ్లే లేరు.

ఆమె అమ్మకు నేర్పిన ఒక విద్య కూడా రాస్తా. మార్చిలో బాపు గోలీ వేసుకుని తినకుండా కల్లం దగ్గరికి పోయాడు. చెమటలు, వణుకు, మాట తడబాటు. అమ్మ ఎండదెబ్బ అనుకోలేదు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పక్కన కూర్చుని, పావుగంట తర్వాత మళ్లీ చూసి, తేరుకున్నాక అన్నం పెట్టింది. తేరుకోకపోతే 108కి చేయాలని కూడా ఆమెకు తెలుసు, తెలివి తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయొద్దనీ తెలుసు. బడికి పోని మా అమ్మ ఇంత తడుముకోకుండా చేసిందంటే నేర్పినవాళ్లు సరిగ్గా నేర్పినట్టే.

మీ ఇంట్లోనూ షుగర్ మనుషులుండి, మీదీ మా వైపు పల్లెటూరే అయితే ఇలా చేయండి. ప్రైవేటులో చూపించుకుంటున్నా సరే, సబ్‌సెంటర్ రిజిస్టర్‌లో పేరు రాయించండి. నంబర్ మాత్రం మెసేజ్ చదవగలిగినవాళ్లది ఇవ్వండి. పాత చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, హబ్ రిపోర్టులు ప్రింట్ తీయించి అందులోనే వేయండి, "ఫోన్‌లో చూడం" అనేవాళ్లకు కాగితం చూపించొచ్చు. పీహెచ్‌సీలో రెఫరల్ రాసినప్పుడు ఏ విభాగానికి, ఏం చూడాలని అడిగి చీటీ మీద రాయించండి. ఆ చీటీ అసలు మీ దగ్గరే ఉంచుకుని కౌంటర్‌కు జిరాక్స్ ఇవ్వండి. పెద్ద ఖర్చు పడేదైతే ఆరోగ్యశ్రీ ఉందా అని ముందే కనుక్కోండి, 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి 10 లక్షలు. కాళ్లు చూడకుండా ఒట్టి గోలీలు రాసిస్తే, చెప్పులు విడిచి "కాళ్లు కూడా చూడండి మేడం" అని మీరే అడగండి. మొహమాటపడితే మనకే నష్టం.

వచ్చే నెల బాపును రెటీనా పరీక్షకు నగరానికి తెస్తున్నా. డాక్టరమ్మ ఫోన్ చేస్తానన్నారు, వద్దన్నాను. చీటీతోనే పోతాం. కౌంటర్‌లో ఆ చీటీ చదివి సరైన గదికి పంపితే పై సగానికి పెట్టిన రెండును మూడు చేసి ఇక్కడే రాస్తా. మళ్లీ కడ్డీకి గుచ్చితే అదీ రాస్తా.